కనిపించని బాకీలు

కంప్యూటర్ తెర మీద అక్షరానికి రంగు వేయడానికి ఒక్క లైను రాస్తే చాలు. ఆ రంగు ఎదుటివారికి కనిపిస్తోందా లేదా అన్నది తెలియడానికి మాత్రం ఒక్కోసారి పాతికేళ్లు పడుతుంది. ఓ ఎరువుల కొట్టులో తండ్రీకొడుకుల మధ్య జరిగిన ముచ్చట ఇది.

1998 వేసవి. గుంటూరు జిల్లాలో ఓ చిన్న ఊరు. బస్టాండుకు ఎదురుగా ఎరువుల కొట్టు. లోపల యూరియా బస్తాల వరస, పక్కన డీఏపీ, వాటి ముందు ఓ చెక్కబల్ల. ఎప్పుడూ ఆవర్జా పుస్తకం ఉండే ఆ బల్ల మీదకు ఆ రోజు ఓ కంప్యూటర్ వచ్చి కూర్చుంది. కొత్తదేం కాదు. విజయవాడలో ఎవరో వాడి పక్కన పెట్టేస్తే తక్కువ ధరకు కొన్నది.

తెచ్చింది కొట్టు యజమాని కొడుకు. ఎంసీఏ రెండో ఏడాది చదువుతున్నాడు. కాలేజీ ల్యాబులో టర్బో సి నేర్చుకున్నాడు. సెలవులకు ఇంటికొచ్చి, ఇరవై రాత్రులు మేలుకుని నాన్న కోసం ఓ ప్రోగ్రాం రాశాడు. కొట్టులో ఖాతా ఉన్న రైతులందరి పేర్లూ అందులోకి ఎక్కించాడు. పైరు వేసేటప్పుడు అరువుకు ఎరువులు తీసుకెళ్లి, పంట చేతికొచ్చాక కట్టే రైతులు వాళ్లంతా. ఎవరు ఎంత బాకీ, ఎవరు పూర్తిగా తీర్చేశారు... ఒక్క మీట నొక్కితే అంతా తెర మీదకొచ్చేస్తుంది.

అన్నిటికంటే ఆ కుర్రాడు మురిసిపోయింది మాత్రం రంగులు చూసి! బాకీ ఉన్నవాళ్ల పేర్లు ఎరుపులో. కట్టేసినవాళ్లవి ఆకుపచ్చలో. వెనకంతా నలుపు. లెక్కలు చదవనక్కర్లేదు, చూస్తే చాలు తెలిసిపోతుందని అతని ధీమా.

‘‘చూడు నాన్నా’’ అంటూ జాబితా తెరిచాడు.

ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. ముందుకు వంగారు. వీధి వెలుతురు తెర మీద పడుతుంటే చేయి అడ్డం పెట్టి చూశారు.

‘‘పేర్లు కొన్నే వచ్చాయేంట్రా? మధ్యలో ఈ ఖాళీలేంటి?’’

‘‘ఖాళీలెక్కడున్నాయి నాన్నా? ఎర్రగా ఉన్నాయిగా!’’

ఆయన ఇంకేం మాట్లాడలేదు. కాసేపు తెర వంక అలాగే చూసి, ‘‘సర్లే, ఆ ఆవర్జా ఇటివ్వు’’ అన్నారు. పాత పుస్తకం తెరిచి, పాత పద్ధతిలోనే లెక్క చూసుకోవడం మొదలుపెట్టారు. ఇరవై రాత్రుల కష్టం బల్ల మీద అలా వెలుగుతూనే ఉంది.

రెండు వేల గళ్లు

ఆ రోజుల్లో కంప్యూటర్ నేర్చుకున్న ఎవరికైనా ఆ తెర గుర్తుండే ఉంటుంది. బొమ్మల్లేవు, మౌసు బాణం లేదు. ఉన్నవల్లా అక్షరాలే. దాన్నే కన్సోల్ అంటారు. అడ్డంగా 80 అక్షరాలు, నిలువుగా 25 వరసలు. మొత్తం 2,000 గళ్లు.

ఒక్కో గడికీ మెమరీలో రెండు బైట్ల చోటు ఉంటుంది. మొదటి బైటులో ఏ అక్షరమన్నది. రెండోదాంట్లో ఏ రంగన్నది. అంటే తెర మొత్తానికీ అయ్యేది 4,000 బైట్లే. ఆ రంగు బైటులోని ఎనిమిది బిట్లలో నాలుగు అక్షరానివి కాబట్టి అక్షరానికి 16 రంగులు. మూడు బిట్లు వెనక రంగువి కాబట్టి దానికి 8. మిగిలిన ఒక్క బిట్టు అక్షరం మిణుకుమిణుకుమనాలా వద్దా అని చెప్పడానికి. 1981లో ఐబీఎం పీసీతో పాటు వచ్చిన రంగుల కార్డు చేసిన ఏర్పాటిది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతుల్ని కలపడం, కావాలంటే వెలుగు పెంచడం... పదహారు రంగులూ పుట్టింది ఈ లెక్కలోంచే. అందులోనూ ఓ తమాషా ఉంది. ఆ లెక్క ప్రకారం ఒకచోట ముదురు పసుపు రావాలి. ఐబీఎం రంగుల మానిటర్ అక్కడ ఆకుపచ్చ పాలు తగ్గించి గోధుమరంగు చూపించేది.

టర్బో సిలో ఇదంతా తెలియాల్సిన పనిలేదు. టెక్స్ట్‌కలర్ అని రాసి కుండలీకరణాల్లో రెడ్ అంటే అక్షరాలు ఎర్రబడతాయి. టెక్స్ట్‌బ్యాక్‌గ్రౌండ్ అని రాసి బ్లూ అంటే వెనక నీలం వస్తుంది. అంతే! కాకపోతే చిన్న చిన్న మెలికలున్నాయి. మామూలు ప్రింట్‌ఎఫ్ ఈ రంగుల్ని పట్టించుకోదు. సీప్రింట్‌ఎఫ్ అని రాయాలి. వెనక రంగు మార్చినా తెరంతా మారదు, ఆ తర్వాత రాసిన అక్షరాల వెనక మాత్రమే మారుతుంది. తెరంతా నిండాలంటే రంగు చెప్పాక ఓసారి తెర తుడిచేయాలి. పలక తుడిచినట్టే, కాకపోతే తుడిచిన పలక కొత్త రంగులో వస్తుంది.

మన ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబుల్లో, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో టర్బో సి నీలం తెర ముందు కూర్చోని కుర్రకారు ఆ తరంలో తక్కువే. సారు అడిగేది ప్రధాన సంఖ్యల ప్రోగ్రాం. మార్కులు దానికే. కానీ పిల్లల ప్రాణమంతా రంగుల మీద! సారు అటు తిరగ్గానే ఎర్ర తెర మీద పసుపు అక్షరాల్లో ఎవరి పేరు వాళ్లు మిణుకుమనిపించుకోవడమే. చెప్పినమాట మిషను వింటోందన్న నమ్మకం చాలామందికి మొదట కలిగింది ఆ రంగుల్లోనే.

ఎరువుల కొట్టు కుర్రాడిదీ అదే ఆనందం. అందుకే నాన్న పుస్తకం అడగ్గానే మనసు చివుక్కుమంది.

నులకమంచం మీద నిజం

ముందు మానిటర్‌నే అనుమానించాడు. వెలుగు పెంచాడు. ముదురు ఎరుపు తీసేసి లేత ఎరుపు పెట్టాడు. ‘‘ఇప్పుడేదో మసగ్గా ఉంది’’ అన్నారు నాన్న. ఇంతలో అన్నం క్యారేజీ పట్టుకొచ్చిన చెల్లెలు అన్నయ్య భుజం మీదుగా తొంగిచూసి ఆ ఎర్ర పేర్లన్నీ గడగడా చదివేసింది. మానిటర్‌కేం కాలేదు!

ఆ రాత్రి ఆరుబయట నులకమంచం మీద ఆయనే కదిపారు.

పదేళ్లప్పుడు మిరపచేలోకి కాయలు కోయడానికి పంపారట. అందరి సంచుల్లో పండు మిరపకాయలుంటే, ఈయన సంచిలో సగం పచ్చివే. ‘కళ్లు నెత్తికెక్కాయా’ అని పెద్దవాళ్లు నాలుగు తగిలించారు. ఆకుల మధ్య ఎర్రకాయ మిగతావాళ్లకు దూరం నుంచే ఎలా కనిపిస్తుందో ఆయనకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థం కాదు.

1972లో రైల్వే ఉద్యోగానికి రాతపరీక్ష పాసయ్యారు. వైద్య పరీక్షలో ఓ పుస్తకం ముందు పెట్టారు. పేజీ నిండా రంగురంగుల చుక్కలు. ‘ఏ అంకె కనిపిస్తోంది?’ అని అడిగారు. ముందు వెళ్లినవాళ్లు టకటకా చెప్పేశారు. ఈయనకు చుక్కలే తప్ప అంకె కనిపించలేదు. అక్కడితో అయిపోయింది. ఇంటికొచ్చి, సిఫారసు లేక ఉద్యోగం రాలేదని చెప్పారు.

‘‘మరి అమ్మకు?’’

‘‘అమ్మక్కూడా అంతే. పెళ్లి సంబంధాలు చూసే రోజుల్రా అవి. కళ్లల్లో లోపముందంటే పిల్లనెవరిస్తారు? ఆ తర్వాత ఇక చెప్పే అవసరం రాలేదు.’’

ఇరవయ్యారేళ్లు దాచుకున్న మాట. ఓ ఎర్ర జాబితా ముందు దాచలేకపోయారు.

రంగు ఎక్కడికి పోయింది?

ఆ కళ్లకు చూపు తక్కువేం కాదు. సూదిలోకి దారం ఎక్కిస్తాయి, చిల్లర పైసలు లెక్కపెడతాయి. తేడా అంతా రంగు దగ్గరే. కంటి వెనకనుండే రెటీనాలో రంగుల్ని పసిగట్టే శంకు కణాలు మూడు రకాలు. వాటిలో ఒక రకం లేకపోయినా, ఉండాల్సినట్టు లేకపోయినా ఎరుపు, ఆకుపచ్చల మధ్య గీత చెరిగిపోతుంది. ఎరుపు వైపు కాంతిని పట్టే కణాలకే ఆ లోపం ఉంటే, తికమక పడటంతో ఆగదు. ఎరుపు వెలుగే తగ్గిపోతుంది. నల్లటి తెర మీద ముదురు ఎరుపు అక్షరం దాదాపు నలుపులో కలిసిపోతుంది. ఆ తండ్రికి మధ్యలో ఖాళీలు కనిపించింది అందుకే.

ఇది అరుదైన సంగతేమీ కాదు. ఉత్తర యూరప్ మూలాలున్న మగవారిలో సుమారు 8 శాతం మందికి ఎరుపు, ఆకుపచ్చల దగ్గర ఏదో ఒక స్థాయిలో ఈ ఇబ్బంది ఉంటుంది. ఆడవారిలో అయితే అర శాతమే. పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్‌కూ ఉండేది. తన కళ్ల సంగతి తనే గమనించుకుని 1794లో మాంచెస్టర్‌లో పండితుల ముందు వివరించాడాయన. ఆయన పేరు మీదే దీన్ని డాల్టనిజం అనీ అంటారు.

మామూలు కళ్లకైనా ఆ జాబితాలో ఎరుపు నీరసంగానే ఉంటుంది. అక్షరానికీ దాని వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా ఎంతుండాలన్నదానికి వెబ్ పేజీలు తయారుచేసేవారు 2008 నుంచి ఓ కొలత పాటిస్తున్నారు. మామూలు సైజు అక్షరాలకు ఆ నిష్పత్తి కనీసం 4.5 ఉండాలి. కన్సోల్‌లోని పాత 16 రంగుల విలువల్ని ఆ సూత్రంలో వేసి చూస్తే, నలుపు మీద ముదురు ఆకుపచ్చకు 6.7 వస్తుంది. నలుపు మీద ముదురు ఎరుపుకు వచ్చేది 2.7 మాత్రమే! అదే నీలం మీద పసుపుకు 12 దాటుతుంది. పైగా పసుపు, నీలం తేడా ఆ తండ్రి కళ్లకూ బాగానే తెలుస్తుంది.

అంటే, కొట్టులో అన్నిటికంటే స్పష్టంగా కనిపించాల్సింది బాకీ. దానికి కుర్రాడు ఎంచుకున్నది అన్నిటికంటే తక్కువ కనిపించే రంగు.

మాట ముందు, రంగు తర్వాత

మర్నాడు పొద్దున్నే ప్రోగ్రాం తెరిచాడు. తెరకు నీలం, పేర్లకు పసుపు. అంతటితో ఊరుకోలేదు. బాకీ ఉన్న ప్రతి పేరు చివరా ఇంగ్లిషు అక్షరాల్లో ‘బాకీ’ అని వచ్చేలా రాశాడు. ఆ వరస మొదట్లో ఓ చుక్కగుర్తు పెట్టాడు. కట్టేసినవారి ఎదురుగా ‘జమ’. రంగు మొత్తం తీసేసినా జాబితా అర్థం కావాలి... అదీ అతను తనకు తాను పెట్టుకున్న నియమం.

ఆ నియమం విలువ నెలాఖరుకు ఇంకోలా తెలిసింది. జాబితాను డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌లో తీశాడు. కాగితం మీద ఎరుపూ లేదు, పసుపూ లేదు. నల్ల రిబ్బను అద్దిన అక్షరాలే. అయినా ఒక్క బాకీ తప్పిపోలేదు. ప్రతి పేరు పక్కనా మాట ఉందిగా!

నాన్న ఆ కాగితం పొడుగూతా వేలు పెట్టి చదువుకుంటూ వెళ్లారు. చివరికి తలెత్తి, ‘‘ఒరేయ్, కనపడకపోతేనే నయంరా. ఇంతమందా!’’ అన్నారు. ఆ ఇంట్లో ఆ కళ్ల గురించి అందరూ కలిసి నవ్వుకోవడం అదే మొదలు.

తెరలు మారాయి, తీరు మారలేదు

ఆ కుర్రాడిప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. టర్బో సి మూలపడింది. కన్సోల్ మాత్రం పోలేదు. పేరు టెర్మినల్ అయింది. ప్రోగ్రాములు రాసేవారు ఇప్పటికీ రోజులో సగం దాని ముందే గడుపుతారు.

రంగు వేసే పద్ధతి మారింది. ఎస్కేప్ అనే కనిపించని అక్షరం, దాని వెంట చదరపు బ్రాకెట్టు, 31, ఎమ్ అనే అక్షరం... ఈ వరస పంపితే తర్వాత వచ్చేదంతా ఎరుపు. 30 నుంచి 37 వరకు అక్షరం రంగులు, 40 నుంచి 47 వరకు వెనక రంగులు. సున్నా పంపితే మళ్లీ మామూలు. 1970ల చివర్లో కుదిరిన ప్రమాణం ఇది. లినక్స్ లాంటి వ్యవస్థల్లో ఎప్పటినుంచో నడుస్తోంది. విండోస్ కన్సోల్ మాత్రం చాలాకాలం తన దారి తనదన్నట్టు ఉండి, విండోస్ 10 కాలంలో ఈ దారికొచ్చింది. ఇప్పుడు 16 రంగుల హద్దు కూడా లేదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు విడివిడిగా చెప్పి కోటీ అరవై లక్షలకు పైగా ఛాయల్లో ఏదైనా అడగొచ్చు.

ఇన్ని రంగులొచ్చినా చిక్కు పాతదే. నలుపు మీద ముదురు నీలం అక్షరాలు కొత్త తరహా తెరల మీద చదవలేకపోతున్నామని ఏళ్ల తరబడి అందరూ మొత్తుకున్నాక, 2017లో మైక్రోసాఫ్ట్ తన కన్సోల్ రంగుల్ని సవరించింది. అదే ఏడాది ప్రోగ్రాములు రాసేవారు కొందరు ‘నో కలర్’ అనే చిన్న ఒప్పందం ముందుకు తెచ్చారు. ఆ పేరుతో ఓ గుర్తు పెట్టుకుంటే చాలు, నా తెర మీద రంగులొద్దని ప్రోగ్రాములన్నిటికీ ఒకేసారి చెప్పినట్టే. ఒప్పుకొన్న ప్రోగ్రాములు రంగు మానేస్తాయి.

చేయి తిరిగినవాళ్లు పాటించే మర్యాదలు ఇంకొన్ని ఉన్నాయి. అక్షరం రంగు ఒక్కటే మార్చి ఊరుకోకూడదు. ఎదుటివారి తెర తెల్లగా ఉంటే మన పసుపు మాయమైపోతుంది. మారిస్తే రెండూ మార్చాలి, లేదంటే రెండూ వదిలేయాలి. పని ముగిశాక రంగును యథాస్థానానికి తేవాలి. లేకపోతే మనం వెళ్లిపోయాక కూడా వాళ్ల తెర ఎర్రగానే ఉండిపోతుంది. ఫలితం తెర మీదకు కాక ఫైలులోకి వెళ్తుంటే రంగు సంకేతాలు పంపకూడదు. పంపితే మాటల మధ్య బ్రాకెట్లూ అంకెలూ చెత్తలా పేరుకుపోతాయి.

వీటన్నిటికీ పెద్ద మర్యాద మాత్రం ఆ ఎరువుల కొట్టులో తేలిందే. ప్రోగ్రాంలో ఏ వరస తీసేశారో, ఏది కొత్తగా చేర్చారో చూపించే గిట్ అనే సాధనం తీసేసినవాటిని ఎరుపులో, చేర్చినవాటిని ఆకుపచ్చలో చూపిస్తుంది. అయినా ప్రతి వరస మొదట్లో మైనస్, ప్లస్ గుర్తులుంటాయి. 2014లో వచ్చిన జీసీసీ 4.9 తప్పుల్ని ఎరుపులో చూపడం మొదలుపెట్టింది. కానీ ‘ఎర్రర్’ అన్న మాటను మానేయలేదు. కూడలిలో ఎర్రదీపం ఎప్పుడూ పైనే ఉన్నట్టు. రంగు తెలియనివాళ్లకు చోటు తెలుస్తుంది.

అమ్మ వైపు నుంచి

ఈ లక్షణాన్ని మోసే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది వై. అందుకే ఆ కుర్రాడికి ఇది రాలేదు. కూతురికి తండ్రి ఎక్స్ తప్పకుండా వస్తుంది. ఆమెకు రంగులు బాగానే కనిపిస్తాయి, తల్లి ఇచ్చిన ఎక్స్ కాపాడుతుంది కాబట్టి. ఆమె కొడుకుల్లో మాత్రం ఒక్కొక్కరికీ సగానికి సగం అవకాశం. అంటే తాత కళ్లు మనవడికి కూతురి చేతుల మీదుగా అందుతాయి.

ఆ రోజు కొట్టులో ఎర్ర పేర్లన్నీ గడగడా చదివిన చెల్లెలికి ఓ కొడుకు. రెండో తరగతిలో చెట్టు బొమ్మకు ఆకులన్నీ గోధుమరంగు వేసుకొచ్చాడు. ఆమె కోప్పడలేదు. నేరుగా పుట్టింటికి తీసుకెళ్లి తండ్రి ఒళ్లో కూర్చోబెట్టింది. ‘‘నాకూ అంతేరా’’ అంటూ తాతయ్య మిరపచేను కథ చెప్పారు. పిల్లాడికి అది లోపం కథలా కాక, తాతయ్య దెబ్బలు తిన్న కథలా గుర్తుండిపోయింది.

వాడిప్పుడు ఇంజినీరింగ్ విద్యార్థి. మొన్నామధ్య ల్యాబులో నలుగురూ కలిసి ఓ ప్రోగ్రాం రాశారు. పరీక్షల్లో నెగ్గిన వాటికి ఆకుపచ్చ చుక్క, తప్పిన వాటికి ఎర్ర చుక్క. తెర నిండా చుక్కలే. మిగతా ముగ్గురూ చప్పట్లు కొట్టుకున్నారు. వాడు కాసేపు చూసి, ‘‘నాకు తేడా తెలియట్లేదు. పక్కన మాట కూడా రాయండ్రా’’ అన్నాడు.

‘‘అదేంటి, చెప్పలేదేం?’’ అన్నారు స్నేహితులు.

‘‘ఇప్పుడు చెప్పాగా’’ అన్నాడు వాడు, కుర్చీ ముందుకు జరుపుకుంటూ.

అయిదు నిమిషాల పని. ప్రతి చుక్క పక్కనా ఓ మాట వచ్చి చేరింది. ఆదివారం తాతయ్యకు ఫోన్ చేసినప్పుడు ఆ సంగతి చెప్పాడు. అవతల నుంచి కాసేపు మాట లేదు. తర్వాత ఆయన అడిగింది ఒక్కటే.

‘‘అందరి ముందూ అన్నావా?’’